మా కోనకు మార్కులు వేశాం

మా ఊరు నెల్లూరు జిల్లా సీతారామపురం మండలంలో, వెలిగొండల కింద. లోయ అని మా దగ్గర ఎవరూ అనరు, కోన అంటారు. ఏప్రిల్ చివర్లో ఊరి నుంచి ఫోన్. కోన మొగదల క్వారీ, క్రషర్ పెడతారంట, ప్రజాభిప్రాయ సేకరణకు పేపర్లో నోటీసు పడిందంట. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం జనానికి కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. నా చేతిలో ఉన్నది ఆ నెలే.

దుమ్ము గురించి, బోర్ల గురించి, లారీల గురించి మాట్లాడేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. నా బాధ వేరే. పొద్దున చెరువు కట్ట ఎక్కితే ఎదురుగా కనపడే కొండ అది. "కొండ బాగుంటుంది సార్" అని సభలో అంటే నవ్వుతారేమోనని టెన్షన్.

ముందు క్వారీ వాళ్లు ఇచ్చిన పర్యావరణ ప్రభావ నివేదిక తెలుగు సంగ్రహం తెచ్చుకుని చదివాను. మా కొండకు అందులో దక్కింది ఒకే వాక్యం: ఎండిన పొదలున్న బోడి గుట్ట. సర్వే చేసింది కిందటేడు మార్చి నుంచి మే దాకా. ఇలాంటి నివేదికలకు వానాకాలం కాని ఒక్క సీజన్ లెక్కలుంటే చాలు. మాకేమో అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో. మే నెలలో వచ్చి చూస్తే బోడిగా కాక ఎలా ఉంటుంది? 15 కిలోమీటర్ల లోపల యాత్రికులు వెళ్లే దారులేమైనా ఉన్నాయా అని దరఖాస్తు ఫారంలో ఒక గడి ఉంటుంది. అక్కడ "లేవు" అని రాసేశారు. ఘటిక సిద్ధేశ్వరం పోయే జనం మా కోన ముందు నుంచే పోతారు!

అందాన్ని కొలిచే పద్ధతి ఏదైనా ఉందా అని వెతికితే అమెరికాలో దొరికింది. అక్కడి బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ ప్రభుత్వ భూములకు ఏడు అంశాల మీద మార్కులు వేస్తుంది: నేల ఆకారం, చెట్టూ చేమా, నీళ్లు, రంగులు, చుట్టుపక్కల దృశ్యం, అరుదుదనం, మనుషులు చేసిన మార్పులు. మొత్తం 19, ఆపైన వస్తే 'ఎ' తరగతి, 12 నుంచి 18 అయితే 'బి', 11, అంతకు తక్కువైతే 'సి'. మనుషుల చేత చెడిపోతే 4 మార్కుల దాకా కోత కూడా ఉంది. మన దగ్గర దీనికి చట్టబలం ఏమీ లేదు. అయినా ఉత్త చేతులతో పోవడం కంటే నయం కదా.

మే రెండో వారంలో ముగ్గురం బయల్దేరాం. నేను, రిటైరైన హెడ్మాస్టరు గారు, మేకలు కాసే మా పెదనాయన. ఫోన్‌తో మొదటి ఫోటో తీస్తే కొండ కాస్తా చీమల పుట్టంత వచ్చింది. ఫోన్ కెమెరా దృశ్యాన్ని వెడల్పుగా లాగేస్తుంది. కంటికి ఆనినట్టు రావాలంటే రెండింతల జూమ్ పెట్టాలని అప్పుడే తెలిసింది. ప్రతి ఫోటోకూ చోటు, టైము, దిక్కు నోట్‌బుక్‌లో రాశాం.

ఎక్కడ నిలబడి చూడాలన్న దాని మీదే పెద్ద గొడవ. హెడ్మాస్టరు గారు రోడ్డు మీది నుంచే అన్నారు, నేను చెరువు కట్ట అన్నాను. పెదనాయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "మిట్టమధ్యాన్నం చూస్తే ఏం కనపడుద్దిరా అబ్బయ్యా? పొద్దు గూకే ముందు ఆ చింతచెట్టు కాడికి రాండి" అన్నాడు. సాయంత్రం వెళ్లాం. పగలంతా గోడలా ఉన్న కొండ, ఎండ ఏటవాలుగా పడేసరికి మడత మీద మడతగా విడిపోయింది. ఎన్ని మడతలున్నాయో పెదనాయన వేలు పెట్టి చూపిస్తూ ఒక్కోదాని పేరు చెప్పాడు. క్వారీ అడుగుతున్నది మూడో మడత.

ఎవరికి వారు మార్కులు వేసి సగటు తీశాం. నేల ఆకారానికి 4. చెట్లకు 2, రంగులకు 2. నీళ్లకు సున్నా, చెరువులో పశువులే తిరుగుతున్నాయి మరి. చుట్టుపక్కలకు 3, అరుదుదనానికి 3, మార్పులకు సున్నా. మొత్తం 14, అంటే బి తరగతి. పెదనాయనకు కోపమొచ్చింది. "నీళ్లకు సున్నా ఏంది? కలుజు (చెరువు అలుగు) పారేటప్పుడు వచ్చి చూడమను వాళ్లని."

ఆ మాటే నా అర్జీకి పనికొచ్చింది. 14 మార్కులని దాచకుండా రాసి, ఇది వేసవి లెక్క, చెరువు నిండాక మళ్లీ చూడకుండా నిర్ణయం తీసుకోవద్దని అడిగాను.

సభ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. షామియానా, వీడియో, అరుపులు. నాకు దొరికింది రెండు మూడు నిమిషాలు. చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలన్నది నిబంధన. చదివారు. నా వంతు "కొండ అందంగా ఉందని ఒకరు తెలిపారు" అని వచ్చింది. లేచి, నేనిచ్చింది మార్కుల పట్టిక, 12 ఫోటోలు, ఆ సంగతి రాయండి అన్నాను. కాసేపు గుసగుసలాడుకుని రాశారు.

నవంబరులో కలుజు పారింది. అదే చింతచెట్టు, అదే ముగ్గురం. చెట్లకు 4, నీళ్లకు 4, రంగులకు 4, మిగతావి అవే. మొత్తం 22. రెండో పట్టికను కొత్త ఫోటోలతో రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు కార్డు వచ్చింది, జవాబు ఇంకా రాలేదు.