అమ్మమ్మకి చదివి పెట్టడం

పిల్లలు పుస్తకాలు చదవట్లేదని ఎవరైనా బాధపడితే నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది. ఆవిడకి కళ్లు సరిగ్గా ఆనేవి కావు. చందమామ పత్రిక రాగానే "ఏదీ, చదివి పెట్టవే" అనేది. నన్ను చదువుకోమని ఎవరూ పోరలేదు. ఆవిడకి కథ కావాలి, అందుకు నేను కావాలి. అలా పట్టుకుంది నాకు చదివే పిచ్చి.

1947 జులైలో మొదలైన ఆ పత్రికని కొడవటిగంటి కుటుంబరావుగారు దశాబ్దాల పాటు తీర్చిదిద్దారు. ఆ వాక్యాలు ఎంత హాయిగా ఉండేవో! పైకి చదువుతుంటే నోటికి ఎక్కడా అడ్డుపడేవి కావు. శంకర్‌గారి బొమ్మలో విక్రమార్కుడి భుజం మీద శవాన్ని చూస్తూ భయం భయంగా చదివేదాన్ని. బేతాళుడు ప్రశ్న అడగగానే అమ్మమ్మ "ఆగు" అనేది. జవాబు చూడకుండా ఇద్దరం వాదించుకునేవాళ్లం. తప్పు చెప్పినా మార్కులు పోవు, టెన్షన్ లేదు. బడిలో ఏ పాఠమూ నాకు అంత స్వేచ్ఛ ఇవ్వలేదు.

అందుకే మా పాపని కూర్చోబెట్టి చదవమని చెప్పను. వంట చేస్తూ "నాకు చేతులు ఖాళీ లేవు, కాస్త చదివి పెట్టవా" అంటాను. నిన్న పప్పు మాడింది, కథ మాత్రం పూర్తయింది.