కోస్తేనే పూస్తుంది

సంక్రాంతి చుట్టాలు వెళ్లిపోయాక, జనవరి ఆఖరు వారంలో నేను చేసే మొదటి పని సన్నజాజి తీగని మోకాలెత్తుకి కోసేయడం. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి, "పచ్చగా ఉన్న తీగని మోడు చేశావేంటమ్మా, ఉసురు తగలదూ!" అంటారు. వేసవి సాయంత్రాలు గిన్నె పట్టుకుని మొగ్గలకొచ్చేదీ ఆవిడే.

సన్నజాజి పూసేది కొత్త చిగుర్ల మీద. పాత కొమ్మలు పందిరికి బరువు తప్ప పెద్దగా పూలివ్వవు. అందుకే కోతకి రెండు వారాల ముందు నీళ్లు ఆపేస్తాను. కోశాక మొదలు చుట్టూ తవ్వి, బాగా మాగిన పేడ ఎరువు, గుప్పెడు ఎముకల పొడి వేసి, అప్పుడు నిండా నీళ్లు పెడతాను. యూరియా జోలికి మాత్రం పోను. అది వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, మొగ్గ రాదు. "మా జాజి పూయట్లేదండీ" అని అడిగేవాళ్లలో చాలామంది ఇళ్లలో జరిగేది ఇదే.

గేటు మీది రాధామనోహరం కథ వేరు. దాన్ని కడియం నర్సరీలో కొన్నాను. సాయంత్రం విచ్చుకున్నప్పుడు తెలుపు, మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉంటాయి. తెల్లగా ఉన్న మొదటి రాత్రి ఆ వాసనకి పొడుగు నాలుక ఉన్న హాక్‌మాత్‌లు, అంటే సీతాకోకచిలుకల్లాంటి రెక్కల పురుగులు వస్తాయి. పువ్వు కింద సన్నటి గొట్టంలా ఉండే కాడలోంచి తేనె తాగాలంటే అంత నాలుక ఉండాలి మరి. పగలు తేనెటీగలు, సీతాకోకచిలుకలు తిరుగుతాయి.

అది పైకెలా పాకుతుందో దగ్గరగా చూడండి. ఆకు రాలినా తొడిమ మొదలు కొమ్మకే ఉండిపోయి, ఎండి, వంకీ ముల్లులా గట్టిపడుతుంది. ఆ ముళ్లే దానికి కొక్కేలు. చేతికి గ్లౌజులు లేకుండా కొయ్యకండి, గీరుకుపోతుంది. దీన్ని మాత్రం పూత తగ్గాకే కోస్తాను. వేళ్ల నుంచి దూరంగా పిలకలు లేస్తాయి, కనిపించినవి కనిపించినట్టు పీకెయ్యాలి. లేకపోతే రెండు వర్షాకాలాల్లో సందంతా దానిదే. నర్సరీల్లో ముద్ద రకం కూడా అమ్ముతున్నారు కానీ నాకు ఒంటి రెక్కదే ఇష్టం.

అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లు కూడా అడుగుతుంటారు. రెండూ తొట్టిలో పెరుగుతాయి, తొట్టి పెద్దదై, అడుగున నీళ్లు పోయే కన్నాలుంటే చాలు. కానీ సగం పూటైనా సూటిగా ఎండ తగలాలి. అది లేని బాల్కనీకైతే మనీప్లాంట్ కొనుక్కోండి.