బొటనవేలి దగ్గర పొట్టి తీగ

ఆరేళ్లు గిటార్ వాయించినవాణ్ణి, డప్పులాంటి ఒంటికి పొడుగు మెడ ఉండే తీగవాద్యం బ్యాంజో ఎంతలే అనుకున్నాను. ఆ ధీమాతోనే మొదట ఆరు తీగల బ్యాంజో కొన్నాను. దానికి గిటార్ శ్రుతే, వేళ్లు పెట్టే చోట్లూ అవే. తెచ్చిన రోజే తెలిసిన పాటలన్నీ పలికాయి. వారం తిరిగేసరికి విసుగొచ్చింది. డప్పు మీద గిటార్ తీగలు కట్టి వాయిస్తున్నట్టుంది తప్ప, నన్ను ఇటు లాగిన ఆ గలగల ఎక్కడా వినపడదే!

రెండోసారి తొందరపడలేదు. ముందు చెవులకు పని చెప్పాను. నాలుగు తీగల టెనర్ బ్యాంజోను ఐరిష్ సంగీతం వాయించేవాళ్లు వయొలిన్ కన్నా ఒక స్థాయి కిందికి శ్రుతి చేసి, పిక్ అనే చిన్న బిళ్లతో చకచకా మీటుతారు. ప్లెక్ట్రమ్ బ్యాంజోకీ నాలుగే తీగలు, మెడ మాత్రం పొడుగు. రెండూ విన్నాను, మనసు అటు పోలేదు. ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ల వాయింపు విన్నాక ఐదు తీగలదే కావాలని తేలిపోయింది. 1945 చివర్లో బిల్ మన్రో బృందంలో చేరి, బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతంలో బ్యాంజో దారినే మార్చేసిన మనిషి ఆయన.

బ్లూగ్రాస్‌కి వెనక రెజొనేటర్ అనే చెక్క మూత బిగించినది వాడతారు. శబ్దం ఖంగున ముందుకొస్తుంది. ఒళ్లో పెట్టుకుని చూస్తే అరగంటకే భుజం లాగేసింది. దాంతో వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ తీసుకున్నాను. రాత్రిళ్లు లోపల చిన్న తువ్వాలు కుక్కితే శబ్దం తగ్గుతుంది కూడా.

మధ్య మూడు తీగలు పలికే స్వరాలు డి, జి, బి. గిటార్‌లో ఉన్నవే. మొదటి తీగ మాత్రం ఇ బదులు డి. అసలు చిక్కంతా ఐదోదానితో. అది మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో (ఫ్రెట్లలో) ఐదోదాని దగ్గర మొదలయ్యే పొట్టి తీగ. ఉండేది లావు తీగ పక్కన, పలికేది అన్నిటికన్నా పై స్థాయిలో! పాట ఎటు పోయినా అది తంబురాలా ఒకే స్వరం పట్టుకుని ఉంటుంది. నేను వెతికిన గలగల అక్కడుంది.

మధ్యలో ఒక బుద్ధితక్కువ పని చేశాను. కొత్త తీగలు వేద్దామని పాతవన్నీ ఒకేసారి విప్పేశాను. తీగలను ఎత్తిపట్టే చెక్కముక్క, బ్రిడ్జి, టక్కున ఊడి కింద పడింది. దాన్ని ఎవరూ అతికించరట, తీగల ఒత్తిడే పట్టి ఉంచుతుంది. అందాజుగా నిలబెట్టి వాయిస్తే పై ఫ్రెట్లలో అంతా అపశ్రుతే. రెండ్రోజులు తల బద్దలుకొట్టుకున్నాక కిటుకు తెలిసింది: పన్నెండో ఫ్రెట్ మీద తీగను ముట్టీ ముట్టకుండా మీటితే వచ్చే స్వరం, అక్కడే నొక్కితే వచ్చే స్వరం ఒకటయ్యేదాకా బ్రిడ్జిని జరపాలి. కుదిరాక దాని పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను. ఇప్పుడు ఒక్కో తీగే మారుస్తాను.

వాయింపుకి మాత్రం స్క్రగ్స్ పద్ధతి కాక, క్లాహామర్ పద్ధతి ఎంచుకున్నాను. చెయ్యి గద్దగోరులా ముడిచి, చూపుడువేలి గోటితో తీగను పైనుంచి కిందికి కొట్టాలి. గిటార్‌లో ఆ వేలు పైకి లాగుతుంది. ఆరేళ్ల అలవాటు ఊరుకుంటుందా! ఒక దెబ్బ, ఆపైన తీగలన్నిటి మీదా ఒక రాపు, వెంటనే చెయ్యి లేస్తుంటే బొటనవేలు పొట్టి తీగను వదలడం. నోటితో 'తాం తక, తాం తక' అనుకుంటూ మొదటి మూడు వారాలూ ఎడమచెయ్యి మెడ మీద పెట్టనే లేదు. ఒకరోజు ఏదో ఆలోచిస్తూ వాయిస్తుంటే చెయ్యి దానంతటదే తిరుగుతోంది. గమనించగానే చెడింది, అది వేరే సంగతి.

మొన్న మూలనున్న ఆరు తీగల బ్యాంజో తీశాను. అలవాటుగా బొటనవేలు పొట్టి తీగ కోసం పోయి లావు తీగను కొట్టింది. 'ధం' అంది.