చేతిలో లేని ఊళ్లను రాసిచ్చిన పాదుషా

మా బరంపురంలో చరిత్ర మాటకొస్తే అందరూ 1936లో గంజాం ఒడిశాలో కలిసిన దగ్గర మొదలుపెడతారు, నాకు మాత్రం 1765 దగ్గరే మనసు ఆగిపోతుంది. ఆ ఆగస్టులో మొఘల్ పాదుషా షా ఆలం అలహాబాద్‌లో కూర్చుని బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీ, అంటే శిస్తు వసూలు చేసుకునే హక్కు, ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు, ఏడాదికి 26 లక్షల రూపాయలకు. దాంతోపాటే మా గంజాం ఉన్న ఉత్తర సర్కార్లకూ, అంటే కోస్తా ప్రాంతానికీ, ఫర్మానా (పాదుషా ఆజ్ఞాపత్రం) ఇచ్చేశాడు. అప్పటికి ఒరిస్సా నాగపూర్ మరాఠా పాలకులైన భోంస్లేల చేతిలో ఉంది, సర్కార్లేమో నిజాంవి! నిజాం ఊరుకుంటాడా? 1766లో కంపెనీ అతనితో విడిగా ఒప్పందం చేసుకుని, ఏటా డబ్బు కడతామని ఒప్పుకోవాల్సి వచ్చింది.

షా ఆలంని చేతకానివాడని తిట్టేస్తారు గానీ, రోగం అంతకుముందే ముదిరింది. అంతకుముందరి పాదుషా ఫరూఖ్‌సియర్ కాలానికే ఖాల్సా భూముల (నేరుగా పాదుషా ఖజానాకి శిస్తు రావాల్సిన భూముల) శిస్తు ఇజారాకు, అంటే గుత్తకు, ఇచ్చేయడం పెరిగిపోయింది: వేలం పాడుకున్నవాడు రైతు దగ్గర ఎంతైనా పిండుకోవచ్చు, వచ్చే ఏడు ఆ ఊరు ఏమైపోతే వాడికేం? ఇది నాకు ఎప్పుడు చదివినా కోపం తెప్పించే సంగతి. ఖజానా ఖాళీ, సైన్యానికి జీతాల్లేవు, చివరికి పాదుషాకి మిగిలింది ముద్ర ఒక్కటే.

1771లో మరాఠాలను నమ్ముకుని షా ఆలం ఢిల్లీకి బయల్దేరాడు. తర్వాత కంపెనీ ఆ 26 లక్షలూ ఆపేసింది, బెంగాల్ శిస్తు మాత్రం వసూలు చేసుకుంటూనే ఉంది.