మీ ఊరి ఎండలో చూశావా?

మొన్న వైజాగ్ అక్కయ్యపాలెంలో మా అక్కావాళ్లింట్లో భోంచేసి నడుం వాల్చాను. పక్కనే మేనల్లుడు ఫోన్‌లో ఏదో పాత గేమ్ ఆడుతున్నాడు. "మావయ్యా, దీనికి రంగులు వేసినోడెవడో గానీ ఉతికి ఆరేశాడు. వెలిసిపోయిన చీరలా ఉంది" అన్నాడు. తొంగి చూశాను. ఆ వేసినోడిని నేనే.

గేమ్ పేరు చెప్పను. అప్పుడు సంతకం పెట్టిన కాగితాలంటే ఇంకా భయమే. వాడు దాన్ని ఎక్కణ్ణుంచి దించుకున్నాడో కూడా అడగలేదు.

2003 నాటి మాట. ఇంగ్లండ్‌లో మిడ్‌లాండ్స్ వైపు ఓ చిన్న స్టూడియోలో పనిచేసేవాణ్ణి. టీవీకి తగిలించి ఆడే సూపర్ నింటెండోలో ఒకప్పుడు బాగా నడిచిన గేమ్, అదే, గెంతుతూ గోతులు దాటుతూ అడ్డొచ్చినవాణ్ణి కొడుతూ పోయే రకం, దాన్ని చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి మార్చడం మా పని. గుండిగలో పులిహోర గిన్నెలోకి తీసినంత సులువనుకుంటారు బయటివాళ్లు. టీవీలో ఆ బొమ్మ వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 224. చేతిలో పట్టే మెషిన్‌లో 240, 160. వెడల్పులో పెద్దగా పోలేదు గానీ ఎత్తులో 64 చుక్కలు గల్లంతు. పద్నాలుగు వరసల ఇటుకలు కనిపించే చోట పదే కనిపిస్తాయి. కుదిస్తే బొమ్మలు నలిగిపోతాయి కాబట్టి కొయ్యాల్సిందే. బటన్లు ఆరుకి బదులు నాలుగు. టీవీ మెషిన్‌లో పాటకి వేరే చిప్ ఉండేది, ఇక్కడ ఆ చాకిరీలో చాలా భాగం 16.78 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ నెత్తినే పడింది. ఇవన్నీ ఏవో తిప్పలు పడి సర్దాం. సర్దుబాటు కానిది వెలుతురు ఒక్కటే.

మొదటి గేమ్ బాయ్ అడ్వాన్స్ తెరకి లోపల లైటు లేదు. బయటి వెలుగు దాని మీద పడితేనే బొమ్మ. 2001లో మెషిన్‌తో పాటే వచ్చిన 'కాసిల్‌వేనియా: సర్కిల్ ఆఫ్ ది మూన్' గేమ్‌లో ఏమీ కనిపించట్లేదని జనం తెగ తిట్టుకున్నారు. మరుసటేడు వచ్చిన కాసిల్‌వేనియాలో దాన్ని చేసిన కొనామీ వాళ్లు రంగులు బాగా వెలిగించారు. ఇది తెలిసే మేమూ కొంత పెంచాం. అది సరిపోతుందా లేదా అన్నదే ప్రశ్న.

ఆ సంక్రాంతికి మా టీం లీడ్‌ని అడిగి మెషిన్, మా గేమ్ ఎక్కించిన టెస్టు కార్ట్రిడ్జ్ వైజాగ్ తెచ్చుకున్నాను. కనుమ నాడు గారెలు తిని, డాబా మీద వీధిలోని గుంటలందరికీ ఇచ్చి ఆడించాను. అద్దంలా కనిపించింది. తిరిగి వెళ్లి "రంగులు ఓకే" అని మెయిల్ పెట్టేశాను.

మర్నాడు మా లీడ్, ఆవిడే, టీ కప్పుతో నా టేబుల్ దగ్గరికొచ్చి, నవ్వుతూ, "మీ ఊరి ఎండలో చూశావా?" అంది.

అంతే. అరవలేదు. అరిచినా బావుండేది. మన దగ్గర అరుస్తారు, మనమూ అరుస్తాం, సాయంత్రానికి బండి దగ్గర కలిసి టీ తాగుతాం. నవ్వుతూ అన్న మాటని ఏం చేసుకోవాలి? 'మీ ఊరి' అన్నదగ్గరే ఇరుక్కుపోయాను. మా ఊరి ఎండకేం తక్కువ? ఆ మెషిన్ చేసింది ఎండ ఉన్న దేశంలో. నాలుగింటికే దీపాలు పెట్టుకునే ఊరిని చూసి చేశారా దాన్ని? గదికి నడుస్తూ దారి పొడుగునా సమాధానాలు తయారుచేసుకున్నాను. అసలే ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడానికే నాకు ఏడాది పట్టింది, నలభై దాటిన మనిషి మరి. ఇక ఎదురు మాటేం చెప్తాను?

ఆవిడే మర్నాడు సాయంత్రం అయిదింటికి "పద" అని బస్సెక్కించింది. డబుల్ డెక్కర్, పైఅంతస్తు, ముందు సీటు. మెషిన్ నా చేతిలో పెట్టి ఆడమంది. దీపస్తంభం దాటినప్పుడల్లా నారింజ వెలుగులో మా హీరో ఒక్క క్షణం కనిపించేవాడు, మళ్లీ మాయం. రెండు దీపాల మధ్య చచ్చిపోయేవాడు. "ఇక్కడి పిల్లలు ఆడేది బస్సుల్లో, కారు వెనక సీట్లో" అంది. లైటున్న కొత్త మెషిన్ వస్తోందని అప్పటికే తెలుసు, అదే అన్నాను. "ఇళ్లల్లో ఉన్న పాతవాటిని ఏం చేస్తారు, పారేస్తారా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత మూడు వారాలు రంగులే నా బతుకు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటీ 0 నుంచి 31 దాకా. ఏదో లెక్క కట్టి అన్నిటినీ ఒకేసారి పెంచితే బంగారు నాణేలు ఇసకలో కలిసిపోయాయి. ఇక చేత్తోనే. గుహ గోడ గోధుమరంగు 9, 5, 3 ఉండేది, 15, 10, 7 చేశాను. ఆ అంకెలు ఇప్పటికీ కంఠతా వచ్చు. మార్చిన ప్రతిసారీ మెట్ల కింద గుడ్డి బల్బు దగ్గరికెళ్లి చూసుకోవడం.

అయితే డాబా మీద టెస్టు పూర్తిగా దండగేం కాదు. ఇది మాత్రం గట్టిగా చెప్తాను. రెండో లెవెల్లో ఓ గట్టు మీంచి కిందికి దూకాలి, కింద ముళ్లుంటాయి. మేం కోసేసిన వరసల్లో ఆ ముళ్లు కూడా పోయాయి. స్టూడియోలో ఒక్కరూ అక్కడ చావలేదు, ఎందుకంటే అందరూ చిన్నప్పుడు టీవీలో ఆడి ఆడి, చూడకుండానే ఎడమవైపుకి దూకేవాళ్లు. సూపర్ నింటెండో మొహమే చూడని అక్కయ్యపాలెం గుంటలు వరసపెట్టి చచ్చారు. గట్టు చివర నిలబడితే కెమెరా కిందికి జరిగేలా మార్చింది ఆ తర్వాతే. బగ్ లిస్టులో 'కనిపెట్టినవారు' అన్నచోట ఆవిడ నా పేరు రాయలేదు. 'వైజాగ్' అని రాసింది. ఆ రోజు కాస్త చల్లబడ్డాను. మొత్తంగా కాదు.

మార్చి 28న ఆ లైటున్న కొత్త మెషిన్, గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ, యూరప్‌లో అమ్మకానికి రానే వచ్చింది. మా గేమ్ దుకాణాలకి చేరింది దాని తర్వాతే.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. మీ ఫోన్లకి సొంత లైటుంది కదరా, దాని మీద నేను పోసిన వెలుగు కూడా కలిసి అలా తెల్లబోయింది అన్నాను. "అయితే కలర్ కరెక్షన్ ఆన్ చెయ్యాలన్నమాట" అని సెట్టింగుల్లోకెళ్లి ఒక్కటి నొక్కాడు. గుహ మళ్లీ చీకటిగా, పాత రంగుకి దగ్గరగా వచ్చేసింది. మూడు వారాల పని.

అటక మీంచి పాత సూట్‌కేసు దింపించాను. మెషిన్ ఉంది, కార్ట్రిడ్జ్ దాంట్లోనే ఉంది. వీధి చివర కొట్లో రెండు పెన్సిల్ సెల్లులు తెచ్చి వేస్తే ఆకుపచ్చ లైటు వెలిగింది. గదిలో తిప్పి తిప్పి చూసి, "ఇదేటి మావయ్యా, ఏటీ కనపడట్లేదు" అన్నాడు. డాబా మీదికి పంపాను. మే నెల, నాలుగైనా ఎండ తగ్గలేదు. వాటర్ ట్యాంకు నీడ జరుగుతుంటే వాడూ ఎండలోకి జరుగుతున్నాడు, తెర మీంచి కళ్లు తియ్యకుండా, చెప్పుల్లేని కాళ్లు కాలి ఎత్తి ఎత్తి వేస్తూ. మెట్ల మీంచి అక్క కేకేసింది, "ఏట్రా ఆ గెంతులు? బొబ్బలెక్కుతాయి, చెప్పులేసుకో!"