పితూరీ అంటే చాడీలే కదా?

ఈ వేసవిలో భీమవరం దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు, మా పెదనాన్న కాళ్లకి దణ్ణం పెట్టనంది మా అమ్మాయి. తనకి పదకొండేళ్లు. ఆయన రొయ్యల చెరువుల మీద నుంచి అప్పుడే వచ్చి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. తడి ఆరని పాదాలు రెండూ దగ్గరగా పెట్టుకుని ఎదురుచూశారు. ఇది చేతులు జోడించి "నమస్తే పెద్ద తాతయ్యా" అని అలాగే నిలబడింది. నేను దాని మెడ మీద చెయ్యి వేసి కిందికి వంచబోయాను. వంగలేదు. ఆ మెడ బిగుసుకోవడం నా అరచేతికి ఇంకా తెలుస్తూనే ఉంది.

"ఈ వయసుకే ఇంత ధిక్కారమా?" అన్నారు పెదనాన్న.

మా తమ్ముడి కొడుకు లోపలికి పరిగెత్తి, "నానమ్మా, అత్త వదిన మెడ నొక్కేసింది" అని చెప్పాడు. "పితూరీలు చెప్పకురా" అని అమ్మ వాణ్ణే కసిరింది.

ఎదురు చెప్పే పిల్లల్ని అనడానికి మన దగ్గర మాటలకి కొదవ లేదు. మొండి, పెంకి, తలబిరుసు, చిన్నంతరం పెద్దంతరం లేదు. అన్నీ తిట్లే. ధిక్కారం మరీ పెద్ద మాట. ధిక్ అంటే ఛీ అనడం. నా కూతురు ఎవర్నీ ఛీ అనలేదు. వద్దంది, అంతే. వద్దనడానికి తిట్టు కాని మాట కోసం ఆ రాత్రంతా వెతుక్కున్నాను. మేముండే చోట బళ్లో వాళ్ల టీచర్ "నచ్చకపోతే నచ్చలేదని ధైర్యంగా చెబుతుంది" అంటే నలుగురికీ ఫోన్ చేసి చెప్పుకున్న తల్లిని నేనే.

మర్నాడు నాన్న మమ్మల్ని భీమవరంలో అల్లూరి సీతారామరాజు విగ్రహం దగ్గరికి తీసుకెళ్లారు. 2022 జులై 4న ఆవిష్కరించిన 30 అడుగుల కంచు విగ్రహం అది. "రంప పితూరీ నడిపిన మనిషమ్మా" అన్నారు నాన్న. ఇది వెంటనే, "పితూరీ అంటే చాడీలే కదా? ఎవరి మీద చెప్పాడు?" అంది.

నాన్న నవ్వలేదు. పితూరీ అంటే అసలు తిరుగుబాటనీ, చాడీలన్న అర్థం మన ఇళ్లలో మిగిలిందనీ చెప్పారు. 1879లో కల్లు మీద చిగురుపన్ను వేస్తే మన్యం తిరగబడటం, పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టాలు, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల నుంచి సీతారామరాజు మనుషులు తుపాకులు పట్టుకుపోవడం, 1924 మేలో ఆయన్ని కాల్చి చంపడం, ఆ ఎండలో నిలబడే అన్నీ చెప్పారు. అది కదలకుండా వింది.

"తుపాకులు తీసుకోకముందు వాళ్లు ఎవరికైనా చెప్పుకున్నారా?"

"చెప్పుకుంటే వినేవాళ్లు ఎవరున్నారమ్మా!"

అప్పుడది నా వైపు తిరిగి, "నేను నీకు కారులోనే చెప్పాను కదమ్మా" అంది.

నిజమే. పెదనాన్న ఇంటికి వెళ్లే దారిలోనే చెప్పింది, కాళ్లకి దణ్ణం పెట్టడం తనకి ఇష్టం లేదని, నమస్తే అయితే పెడతానని. "అక్కడికెళ్లాక చూద్దాంలే" అని నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. పిల్లలకి ముందే చెప్పి ఒప్పించాలని తోటి తల్లులకి సలహా ఇస్తుంటాను. ముందే చెప్పింది పిల్లే అయినప్పుడు ఏం చెయ్యాలో నా సలహాలో ఎప్పుడూ లేదు. పోనీ, అక్కర్లేదని వదిలేస్తే? నాకు నా పెద్దవాళ్ల పాదాల మీద ఉన్న ప్రేమ దానికి ఏ దారిన అందుతుంది? తెలియడం లేదు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు పెదనాన్నకి చెప్పి రావడానికి వెళ్లాం. కారులో నేనేమీ అడగలేదు. అది మళ్లీ నమస్తేనే పెట్టింది. ఆయన తలాడించి ఊరుకున్నారు. నేను ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి లేచాను. లేచి, దాని వంతు కూడా నాదే అన్నట్టు మళ్లీ వంగాను. నా కూతురు చూసింది. ఏమీ అనలేదు.