పదకొండు కొవ్వొత్తుల మొక్కు

మొన్న డిసెంబరు 8, సోమవారం నాడు, విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గరున్న రాస్ హిల్ ఎక్కి మొక్కు తీర్చుకుని వచ్చాను. కుడి అరికాలి మీద పసుపు మరక ఇంకా పూర్తిగా పోలేదు. అది పోకముందే ఈ నాలుగు మాటలు రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను.

ముందు మొక్కు సంగతి చెప్పాలి. ఆగస్టులో మా తమ్ముడు పని చేసే చోట ఎత్తు మీద నుంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి పదకొండు రోజులు తెలివి లేకుండా ఉన్నాడు. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని, నాలుగో రాత్రి కాబోలు, దేవుడితో ఒక మాట అనుకున్నాను. వీడు కళ్లు తెరిచి 'అక్కా' అంటే, అమలోద్భవ మాత (మరియమ్మ) పండుగ నాడు జ్ఞానాపురం పెద్ద గుడి నుంచి కొండ మీద వరకు చెప్పులు లేకుండా నడిచి వస్తాను, వాడు స్పృహ లేకుండా పడుకున్న రోజుకొక్కటి చొప్పున కొవ్వొత్తులు వెలిగిస్తాను అని. దానిని ప్రార్థన అనడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. బేరం అనడమే న్యాయం.

మా పక్క కుర్చీలో విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. ఆమె భర్తది పక్క మంచమే. ఒకే ఫ్లాస్కులో టీ పంచుకునేవాళ్లం. ఆమె పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంది, నా మాట విని "మీ కొండ మీది మాతకి కూడా" అని మరో మొక్కు కట్టుకుంది. తొమ్మిదో రోజున ఆమె భర్త పోయాడు. పదకొండో రోజున మా తమ్ముడు కళ్లు తెరిచాడు. వెళ్లేటప్పుడు ఆమె తన ఫోను నంబరు ఇచ్చింది. ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ఆ నంబరుకు నేను ఫోను చేయలేదు. ఏమని చేయను? నా మొక్కు పుచ్చుకుని ఆమె మొక్కు తిరగ్గొట్టిన దేవుడు ఎటువంటివాడు అన్న ప్రశ్న, తమ్ముడు లేచాడన్న సంతోషంలో కూడా, పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

నిజానికి చిన్నప్పటి నుంచి నా మనసులో ఇద్దరు దేవుళ్లు ఉన్నారు. ఒకరు యేసుప్రభువు, పిల్లల్ని ఒళ్లోకి తీసుకునేవాడు, కుష్ఠరోగిని ముట్టుకునేవాడు. మరొకరు ఆయన వెనుక, పైన, ఎక్కడో చీకట్లో పెద్ద ఖాతా పుస్తకం విప్పుకుని కూర్చున్న తండ్రి. మా ఇంట్లో "దేవుడు చూస్తున్నాడు" అన్న మాట ఎప్పుడూ బెదిరించడానికే వాడేవారు. ఆ కోపిష్ఠి తండ్రికి కొడుకు అడ్డుపడి మనల్ని కాస్తున్నాడనీ, ఆ కొడుకు దగ్గర తల్లి సిఫారసు చేస్తుందనీ, ఏదో కచేరీలో ఫైలు కదిలించుకున్నట్టు మన పని అలా మెట్టు మెట్టుగా పైకి వెళుతుందనీ నేను అనుకునేదాన్ని. ఇది మా గుడిలో ఎవరూ నేర్పిన బోధ కాదు. అయినా మొక్కుకునే వేళ మనలో చాలామంది నమ్మేది ఇదేనని నా అనుమానం.

తెల్లవారుతూనే జ్ఞానాపురంలో బయలుదేరాను. రోడ్డు పొడవునా లారీలే. నాలాగే చెప్పులు విడిచి నడుస్తున్నవాళ్లు నలుగురైదుగురు కనిపించారు. మొదటి అరగంటలోనే అరికాళ్లు నల్లబడ్డాయి. జపమాల తిప్పుతున్నానే గాని ప్రతి రెండో పూసకు పక్కనుంచి హారన్. పాత ఊళ్లోకి వచ్చాక మాత్రం అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. ఆవిడది లండన్ మిషను అనే ప్రొటెస్టంటు సంఘం కుటుంబం. అమ్మ పెళ్లి చేసుకుని కతోలిక గుడికి వచ్చినా, అమ్మమ్మ చదువుకున్న పాత బైబిలు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఈ ఊరికి 1805లో వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే మిషనరీలు, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి తోడుతో ఇక్కడే సువార్తలను తెలుగు చేశారని ఆవిడ గర్వంగా చెప్పేది. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో చనిపోయారు. తమ పని అచ్చులో చూసుకునే భాగ్యం ఇద్దరికీ కలగలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. కొత్త నిబంధన అంతా అచ్చులోకి రావడానికి 1818 వరకు ఆగవలసి వచ్చింది. అందుకే అమ్మమ్మ, "మనవాళ్ల చేతికి ఫిలిప్పు ప్రశ్న ఆలస్యంగా వచ్చిందే" అని నవ్వేది, ఆ ప్రశ్న యోహాను సువార్తలో ఉంది కాబట్టి. తండ్రిని మాకు చూపించు, మాకంతే చాలు అని శిష్యుడు ఫిలిప్పు అడిగిన దానికి ప్రభువు ఇచ్చిన జవాబు ఆవిడకు కంఠతా వచ్చు: "నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు." నాకూ కంఠతా వచ్చు. కంఠం దాటి లోపలికి దిగడానికి నాకు నలభై ఆరేళ్లు పట్టింది.

కొండ దగ్గర జనం సంగతి చెప్పకూడదు గాని చెప్పకుండా ఉండలేను. తోపులాట, పిల్లల ఏడుపులు, మైకులో తప్పిపోయినవాళ్ల పేర్లు, "మేము తొమ్మిది రోజులూ నవదిన ప్రార్థనలకు వచ్చినవాళ్లం" అంటూ వరుస మధ్యలో దూరే కుటుంబాలు. ఒకాయన మెట్ల మీద అడ్డంగా నిలబడి, వెనుక ఓడలు పడేలా, తనకు తానే ఎన్నో ఫోటోలు తీసుకున్నాడు. అంతమంది మీద నాకు వచ్చిన కోపాన్ని మొక్కు ఖాతాలో ఏ పక్క రాయాలో నాకు తెలియలేదు.

సగం మెట్లు ఎక్కానో లేదో, కుడికాలిలో చురుక్కుమంది. పగిలిన సోడా సీసా పెంకు. రక్తం చూసి కళ్లు తిరిగి పక్కన గోడకు ఆనుకున్నాను. జనం నన్ను చుట్టుకుని పైకి పోతూనే ఉన్నారు. అప్పుడు ఒక ముసలావిడ ఆగింది. నుదుట రూపాయంత బొట్టు, చేతిలో ప్లాస్టిక్ సంచి, ఒంటి మీద చేపల వాసన. హార్బరులో ఎండు చేపలు అమ్ముకునే మనిషని తరువాత చెప్పింది.

"ఏటమ్మా, గాజు దిగిపోనాదా? కూకో, కూకో" అంటూ నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, తాను కింది మెట్టు మీద కూర్చుని, నా కాలు లాగి తన ఒళ్లో పెట్టుకుంది.

నాకు ప్రాణం చచ్చిపోయింది. మా అమ్మ కన్న పెద్దది. "అయ్యో, పెద్దవారు మీరు, నా కాలు ముట్టుకోకండి, నాకు పాపం" అని వెనక్కి లాక్కోబోయాను.

"కాలికి పాపమేటి, పుణ్యమేటి? కదపకు, లోపలికి పోద్ది" అని గదమాయించింది.

పెంకును గోళ్లతో పట్టి మెల్లగా తీసింది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, లారీల మసి, మట్టి, రక్తం కలిసి పేరుకున్న ఆ పాదాన్ని, వేళ్ల సందులతో సహా, తీరిగ్గా కడిగింది. ఆ నీళ్లు ఆమె మనవడి కోసం మాత పాదాల దగ్గర పెట్టి తీసుకువెళ్లడానికి తెచ్చుకున్నవి. అది తెలిసి నేను నొచ్చుకుంటే, "మా గుంటడికి కొళాయి నీళ్లు పట్టికెళ్తాను, పైన పెడతే అయ్యీ అంతే గదా" అంది. రొంటిన దోపుకున్న పొట్లం విప్పి, చిటికెడు పసుపు గాయంలో అదిమి, తన చీర చెంగుతో తుడిచింది. తెల్లటి చెంగు మీద పసుపు, ఎరుపు కలిసి మరక పడింది. పేరు అడిగే లోపల మనవడి జ్వరం గురించి చెబుతూ జనంలో కలిసిపోయింది.

కుంటుకుంటూ పైకి చేరాను. 1864లో రాస్ అనే దొర కట్టుకున్న ఇల్లు తరువాత ప్రార్థనాలయమైన ఈ కొండ కథ, ఆ పక్కనే దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ ఉండడం, మన ఊరివాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. గుడి లోపల చోటు లేక పందిరి కిందనే నిలబడ్డాను. దివ్యపూజలో ఫాదర్ గారి ప్రసంగం మైకు గురగుర మధ్య విన్నంత విన్నాను. నీకయ్యా సభ జరిగి ఈ ఏటికి 1700 ఏళ్లు నిండాయని ఆయన ఎత్తుకున్నారు. 325లో, నేటి టర్కీలో ఉన్న ఆ ఊళ్లో బిషప్పులు కూడినది ఎందుకంటే, ఏరియస్ అనే అలెగ్జాండ్రియా గురువు, కుమారుడు సృష్టిలో అందరికన్న గొప్పవాడే గాని తండ్రి వంటి దేవుడు కాడని చెబుతూ వచ్చాడు. "కింద పాత పోస్టాఫీసు చూసి వచ్చారు గదా" అన్నారు ఫాదర్ గారు. "ఉత్తరం తెచ్చినవాడు ఉత్తరం రాసినవాడు కాడు. రాసినవాడి మనసు వాడికి తెలియదు. ఏరియస్ చెప్పిన క్రీస్తు తపాలా బంట్రోతు. మనం విశ్వాస సంగ్రహంలో చెప్పే క్రీస్తు ఉత్తరం రాసినవాడే, గడప దగ్గరికి నడిచి వచ్చినవాడు. తండ్రికీ ఆయనకూ స్వభావం ఒక్కటే."

జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ ప్రతి ఆదివారం ఆ సంగ్రహం గడగడా చెబుతూ, ఇంటికి వెళ్లి ఏరియస్ దేవుడికి మొక్కుకుంటున్నానన్నమాట. తండ్రి మొహం కొడుకు మొహం కన్న వేరుగా, కఠినంగా ఉంటుందని నమ్మడం వేరే ఏమిటి?

నడిపూజ వేళ గంట మోగింది. ఎదుట తలలు, ఎత్తిన చేతులు, చేతుల్లో ఫోన్లు. ఒక పొడుగాటి కుర్రాడు ఒక్క క్షణం వంగాడు. ఆ సందులోంచి, దూరంగా, గురువు పైకెత్తిన అప్పం, మేము క్రీస్తు శరీరమని నమ్మేది, కనిపించింది. రూపాయి బిళ్లంత తెలుపు. లెక్కపెడితే మూడు క్షణాలు కూడా ఉండదు. కుర్రాడు నిటారుగా నిలబడ్డాడు, మళ్లీ అతని చొక్కా వీపే. నేను చూసింది అంతే. కాని ఆ మూడు క్షణాల్లో నాకు కాలి సలుపు తెలిసింది, దానితో పాటు ఒక విషయం తట్టింది. ఫిలిప్పు తండ్రిని చూపించమని అడిగినది ఏ రాత్రి? ప్రభువు నడుముకు తువాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, శిష్యుల కాళ్లు కడిగిన రాత్రి. పదమూడో అధ్యాయంలో పేతురు నా కాళ్లు కడగవద్దని మొరాయించాడు, పద్నాలుగో అధ్యాయంలో ఫిలిప్పు ఈ ప్రశ్న వేశాడు. కడిగిన కాళ్ల తడి ఆరీ ఆరక ముందే తండ్రి ఎలా ఉంటాడని అడిగాడు. అలా కూర్చుని కడిగిన మొహమే తండ్రి మొహమైతే, ఆయన వెనుక చీకట్లో ఖాతా పుస్తకం పట్టుకున్నవాడెవరూ లేడు. అక్కడ నేను చిన్నప్పటి నుంచి కూర్చోబెట్టుకున్నది దేవుణ్ణి కాదు.

దీనితో నా ప్రశ్న తీరిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పక్క మంచం మనిషి ఎందుకు లేవలేదో నాకు ఇప్పటికీ తెలియదు. లాజరు చనిపోయాక ప్రభువుకు ఎదురు వచ్చి అతని అక్కచెల్లెళ్లలో ఒకతె మార్త కూడా దాదాపు అదే అడిగింది, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చావకపోయేవాడని. లాజరు లేచాడు నిజమే, కాని లేపక ముందు ప్రభువు ఏడ్చాడు. లేపబోతున్నవాడు ఏడవడం ఎందుకు అని చిన్నప్పుడు అమ్మమ్మను విసిగించేదాన్ని. లేవని వాళ్ల ఇళ్లలో దేవుడు ఏం చేస్తూ ఉంటాడన్నది తెలియాలంటే చూడవలసింది ఆ కన్నీళ్ల వంక అని ఇప్పుడనిపిస్తున్నది. ఇది జవాబు కాకపోవచ్చు.

కొవ్వొత్తుల దగ్గర మరో తోపులాట. పదకొండూ ఒకదాని తరువాత ఒకటి వెలిగించి నిలబెట్టాను. దండం పెట్టుకుని కళ్లు తెరిచేసరికి, వలంటీరు కుర్రాడు చోటు కోసం సగం కాలని కొవ్వొత్తులన్నీ తీసి, ఆర్పి, నీలం రంగు ప్లాస్టిక్ బకెట్లో పడేస్తున్నాడు. నావీ అందులోనే పడ్డాయి. నాలుగు నెలలు లెక్కపెట్టి దాచుకున్న బాకీ ఒక్క నిమిషమన్నా వెలగలేదు. వేరే రోజైతే ఆ కుర్రాడితో పోట్లాడి ఉండేదాన్ని. ఆ రోజు ఎందుకో నవ్వు వచ్చింది. వాడు కంగారుపడి "మేడం, మళ్లీ వెలిగించుకోండి" అని ఒకటి తీసి ఇవ్వబోయాడు. వద్దన్నాను.

దిగేటప్పుడు ఆ ముసలావిడ కోసం మెట్టు మెట్టుకూ చూశాను, కనిపించలేదు. కింద ఓడరేవు కాలువలో ఒక ఓడ డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి మెల్లగా లోపలికి వస్తున్నది. కొట్టు అరుగు మీద కూర్చుని ఫోను తీశాను. ఆగస్టులో రాసుకున్న నంబరు. మూడోసారి రింగుకు ఎత్తింది. నా పేరు చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తరువాత ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. ఇద్దరం దేవుడి మాట ఎత్తలేదు. అరుగు మీది కొట్టువాడు మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

ఫోను పెట్టబోయే ముందు ఆమె అడిగింది: "మీ తమ్ముడు అన్నం సరిగ్గా తింటున్నాడా?"